సింకు కింద పదకొండు సీసాలు

ఏమండీ, ఈ పేజీ ఇలాగే బోర్లించి పెట్టి, ఒక్కసారి వంటింట్లోకి వెళ్ళి సింకు కింద తలుపు తీసి చూసి రండి. పత్రిక ఎక్కడికీ పోదులెండి!

చూశారా? ఎన్ని సీసాలున్నాయి? నాలుగా, ఐదా? అయితే మీరు ఇల్లు నడపడంలో ఆరితేరినవారే. ఎనిమిది దాటాయా? అయితే ఈ వారం కబుర్లు మీ కోసమే.

మొన్న నెలాఖరున మా ఎదురింటావిడ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "వదినగారూ, ఓ రెండొందలుంటే సర్దుతారా? ఒకటో తారీఖున ఇచ్చేస్తాను" అంది. ఇచ్చాను. అదేమంత పెద్ద విషయం కాదు, నెలాఖరు అందరికీ వస్తుంది. కానీ ఆవిడ చేతిలో ఉన్న మందుల చీటీని కళ్ళకు దగ్గరగా, దూరంగా జరుపుకుంటూ చదవడానికి అవస్థపడటం చూసి, "కళ్ళజోడు మార్పించుకుంటానన్నారుగా, ఏమైంది?" అని అడిగాను.

"ఇప్పుడెందుకులెండి ఖర్చు! దూరానివి బాగానే కనిపిస్తున్నాయిగా. వచ్చే నెల చూద్దాం" అంది. ఆ 'వచ్చే నెల' మొదలై సరిగ్గా ఏడాదయింది.

ఆ సాయంత్రమే ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్తే, సింకు కింద నుంచి ఒక సీసా తీయబోయి నాలుగు పడగొట్టింది. ఇద్దరం కూర్చుని లెక్కపెడితే పదకొండు! గ్యాస్ పొయ్యికి ఒకటి, గట్టుకి ఒకటి, గిన్నెలకి ఒకటి, పళ్ళూ కూరగాయలూ కడగడానికి ఒకటి, నేలకి రెండు (ఒకటి మల్లె వాసన, ఒకటి నిమ్మ వాసన), అద్దాలకి ఒకటి, కుళాయిలకి ఒకటి, బాత్రూమ్ టైల్స్‌కి ఒకటి, కమోడ్‌కి ఒకటి, తూము శుభ్రానికి ఒకటి. సరదాకి వాటి మీది ధరలు కూడితే 1,430 రూపాయలు తేలింది. కళ్ళజోడుకి షాపువాడు చెప్పింది 1,200!

ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మన ఆడవాళ్ళం పొదుపు అనగానే ముందు కోత పెట్టేది మన కళ్ళజోడుకి, మన మందుబిళ్ళలకి, మన పాలగ్లాసుకి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఎవరికీ లోటు రాకుండా తగ్గించగలిగింది అదొక్కటే అనుకుంటాం. సీసాలకి మాత్రం కోత ఉండదు. అవి 'ఇంటి ఖర్చు' కదా మరి! ఈ వారం ఆ లెక్క తిరగేద్దాం. సీసాలు తగ్గిద్దాం, మనల్ని మనం తగ్గించుకోవడం మానేద్దాం.

మురికి నాలుగు రకాలే!

కంపెనీవాళ్ళు ఇంట్లో గదులెన్నో అన్ని సీసాలు తయారుచేస్తారు. కానీ మురికికి గదులు తెలియవు. ఎక్కడున్నా అది నాలుగు రకాలే. జిడ్డు, ఉప్పునీళ్ళ తెల్లపొర, దుమ్ము-మట్టి, కంటికి కనిపించని సూక్ష్మక్రిములు. పొయ్యి మీది జిడ్డూ, గట్టు మీది జిడ్డూ, మూకుడులోని జిడ్డూ ఒక్కటే. కుళాయి మీద తెల్లపొరా, బకెట్టు అంచున తెల్లపొరా ఒక్కటే.

జిడ్డుని వదలగొట్టేది సబ్బు, సోడా. తెల్లపొరని కరిగించేది పులుపు. దుమ్ముని తీసేది నీళ్ళు, గుడ్డ, మన చెయ్యి. క్రిములకి బ్లీచింగ్ పౌడరు గానీ ఫినాయిల్ గానీ, అదీ అవసరమైన చోట మాత్రమే. ఇంతే విద్య! ఇది గుర్తుంటే పదకొండు సీసాల పని అయిదు సరుకులతో అయిపోతుంది. గిన్నెల సబ్బు ఒకటి, చాకలి సోడా, వంటసోడా, ఏదో ఒక పులుపు (నిమ్మతొక్కలు, చింతపండు, వెనిగర్, ఏదైనా సరే), ఒక ఫినాయిల్. వీలైతే ఒక కిలో కుంకుడుకాయలు.

గిన్నెల దగ్గర

లిక్విడ్‌ని పీచు మీద నేరుగా పిండకండి. ఒక చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, అందులో ఒక చెంచా లిక్విడ్ కలిపి, పీచు ముంచుకుంటూ తోమండి. సీసా రెండింతలు వస్తుంది. తోమేముందు నూనె మూకుళ్ళని పాత కాగితంతో తుడిచెయ్యండి. సబ్బూ తగ్గుతుంది, తూమూ పూడదు. తూము పూడకపోతే తూము సీసాతో పని లేదు. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, చివర నూనె గిన్నెలు, ఈ వరస తప్పకండి.

అడుగంటిన స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, ఓ పది నిముషాలు మరిగించి చల్లారనివ్వండి. మాడు దానంతటదే ఊడి వస్తుంది, గోళ్ళు అరగదీసుకోనక్కర్లేదు. అయితే అల్యూమినియం పాత్రల్లో మాత్రం సోడా వాడకండి. ఆ లోహాన్ని సోడా తినేస్తుంది, నల్లబడుతుంది. అల్యూమినియానికి పులుపే మందు. కుక్కరు లోపల నల్లబడితే రసం పిండేసిన నిమ్మతొక్కలో, పులుసు తీసేసిన చింతపండు పిప్పో వేసి నీళ్ళు మరిగించండి. అసలు రోజూ కుక్కరు అడుగున పోసే నీళ్ళలో ఒక నిమ్మతొక్క పడేస్తే నల్లబడనే బడదు.

ఇత్తడి, రాగి సామాన్లకి చింతపండు, ఉప్పు ఉండగా వేరే పొడి కొనడం దేనికి? రుద్దిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే సాయంత్రానికే మచ్చలు పడతాయి. వెండి కుందులకి మన అమ్మమ్మలు విభూతి రాసి మెత్తటి గుడ్డతో రుద్దేవారు, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. గీత పడదు, మెరుపు వస్తుంది.

కుళాయిలు, బండలు - ఇక్కడ జాగ్రత్త!

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో కుళాయిలు ఏడాది తిరక్కుండానే సున్నం కొట్టినట్టవుతాయి. నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు అలా పేరుకుంటాయి. వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ తడిపిన గుడ్డని కుళాయికి చుట్టి అరగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగెయ్యండి. షవరు చిల్లులు మూసుకుపోతే దానికీ ఇదే వైద్యం.

కానీ ఈ పులుపుని బండల మీద పొయ్యకండి. మన వంటింటి గట్టుకి వేసే నల్లటి కడప బండ, వసారాలో వేసే తాండూరు, షాబాదు బండలు, పాలరాయి - ఇవన్నీ సున్నపు జాతి రాళ్ళే. నిమ్మరసం పడితే అక్కడ మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ కడిగితే పోయేది కాదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. పది రూపాయలు మిగిల్చబోయి వేలు పోగొట్టుకోవడమంటే ఇదే. వీటికి గోరువెచ్చటి నీళ్ళలో కాస్త గిన్నెల సబ్బు చాలు. గ్రానైటుకి పులుపు భయం తక్కువే గానీ, దానికీ సబ్బునీళ్ళే మేలు.

అద్దాలకి నీళ్ళూ, పాత న్యూస్‌పేపరూ చాలు. ఫ్రిజ్ లోపలికి ఒక గిన్నెడు నీళ్ళలో చెంచాడు వంటసోడా. జిడ్డు పట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు ప్లాస్టిక్‌వైతే వేడినీళ్ళలో చాకలి సోడా వేసి అరగంట నానబెట్టండి. అల్యూమినియంవైతే పైన చెప్పుకున్నాంగా, సోడా వద్దు, సబ్బునీళ్ళే. సోడా వాడేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి. అది జిడ్డుని ఎలా లాగుతుందో మన చర్మంలోని నూనెనీ అలాగే లాగుతుంది.

మరో మాట. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుస్సున పొంగుతుంది కదా, ఆ పొంగు చూసి మురికి పరారవుతుందని చాలామంది నమ్ముతున్నారు. పొంగేది గాలి మాత్రమే. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది కాస్త ఉప్పునీళ్ళు. దేని పని దానితో విడివిడిగా చేయించండి.

బొద్దింకలకి స్ప్రేలు కొని కొని విసిగిపోయారా? బోరిక్ పౌడరు, గోధుమపిండి సమానంగా తీసుకుని, కాస్త పంచదార, నీళ్ళు చేర్చి శనగగింజలంత ఉండలు చేసి, సింకు వెనకా అల్మరాల మూలలా పెట్టండి. పాకే పిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం వాళ్ళకి అందని చోటే పెట్టాలి. కలిపిన గిన్నె మళ్ళీ వంటకి వాడకూడదు సుమా!

బట్టల దగ్గర నురగ మాయ

మన దేశంలోకి సర్ఫ్ 1959లో వచ్చింది. పదేళ్ళ తర్వాత 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిలు మీద తిరుగుతూ అమ్మడం మొదలెట్టారు. అదే నిర్మా. పేరున్న పొడి ధరలో సుమారు నాలుగోవంతుకే దొరికేసరికి మధ్యతరగతి ఇళ్ళలో బట్టల సబ్బు బిళ్ళ పక్కన పొడి కూడా చేరింది. దానికి జవాబుగా సర్ఫ్‌వాళ్ళు టీవీలోకి లలితాజీని తెచ్చారు. బేరమాడి కూరగాయలు కొనే ఆ చీరకట్టు గృహిణి, చౌకైనదీ మంచిదీ ఒకటి కాదని నిలదీసి చెప్పేది. మీలో చాలామందికి ఆవిడ గుర్తుండే ఉంటుంది.

ఆ ఇద్దరి మాటలోనూ నిజముంది. ధర ఎక్కువైనంత మాత్రాన మంచిది కాదు, ధర తక్కువైనంత మాత్రాన పొదుపూ కాదు. చేతులు మండించి, రంగులు వెలిసిపోయేలా చేసే పొడి ఎంత చౌకైతే ఏం లాభం? కానీ ఆ ఇద్దరూ చెప్పని సంగతి ఒకటుంది. ఏ పొడి కొన్నా మనం వేసేది కావలసిన దానికంటే ఎక్కువ!

నురగ వస్తేనే మురికి పోయినట్టు మనకో నమ్మకం. నురగకీ శుభ్రానికీ లంకె లేదు. బట్టలో మిగిలిపోయిన పొడి బట్టని గరుగ్గా చేస్తుంది, కొందరికి దురద పెడుతుంది, జాడించడానికి రెండు బకెట్ల నీళ్ళు అదనం. పాకెట్టు మీద రాసిన కొలతతో మొదలుపెట్టి, మామూలుగా మాసిన బట్టలకి వారానికి కాస్త చొప్పున తగ్గిస్తూ రండి. ఎక్కడ బట్టలు మాసినట్టే ఉంటున్నాయో అక్కడ ఆగండి. అదే మీ ఇంటి నీళ్ళకి తగిన కొలత. బాగా ఉప్పునీళ్ళున్న ఊళ్ళో కొంచెం ఎక్కువ పడుతుంది, మంచినీళ్ళున్న చోట తక్కువ. అలాంటి ఉప్పునీళ్ళకి సబ్బు బిళ్ళ కంటే పొడే నయం. సబ్బు ఆ లవణాలతో కలిసి తెట్టెలా విరిగిపోయి సగం వృథా అవుతుంది.

కాలర్లకీ, పంట్లాం అంచులకీ ముందుగా సబ్బు రాసి ఒక పావుగంట ఉంచితే మొత్తం బకెట్టులో గుప్పెళ్ళకొద్దీ పొడి వెయ్యనక్కర్లేదు.

పట్టుచీరలకీ, ఉన్ని స్వెట్టర్లకీ కుంకుడు రసం చెయ్యండి. గుప్పెడు కాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రి నానబెట్టి, పొద్దున పది నిముషాలు మరిగించి పిసికి వడకట్టండి. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. కొత్త పట్టుచీర అయితే ముందు కొంగు చివర చిన్న అంచు తడిపి, తెల్లగుడ్డతో అద్ది రంగు పోతుందేమో చూసుకోండి. బంగారు గాజులు, గొలుసులు కూడా ఈ రసంలోనే మెత్తటి బ్రష్‌తో కడగవచ్చు. కంట్లో పడకుండా చూసుకోండి, తలంట్ల నాటి మంట ఎవరు మరిచిపోతారు!

మరకల సంగతి రెండు ముక్కల్లో. నెత్తురు మరకకి చన్నీళ్ళే పొయ్యాలి, వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడి కూర్చుంటుంది. పసుపు మరకకి సబ్బు రాయగానే ఎర్రబడుతుంది. హడలిపోకండి, పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టే ఇదీను. సబ్బు పోయేలా జాడించి, మంచి ఎండలో ఆరేయండి. రెండు మూడు ఎండలకి పసుపు దానంతటదే వెలిసిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ప్రాణం మీదికి తెచ్చుకోకండి

ఈ వారం చెప్పినవన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటీ మరిచిపోకండి. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎన్నడూ కలపకండి. కమోడ్ కడిగే లిక్విడ్లలో చాలావాటిలో ఉండేది యాసిడే. అది పోసినా మరక పోలేదని పైన బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది గొంతు పట్టేస్తుంది, ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. వెనిగర్, నిమ్మరసం కూడా పులుపులే, బ్లీచింగ్‌తో అవీ వద్దు. అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్ అసలే వద్దు. పొరపాటున కలిసి కళ్ళు మండి, దగ్గు వస్తే సీసాలు సర్దుతూ కూర్చోకండి. వెంటనే బయటికి, మంచి గాలిలోకి రండి. ఆయాసం ఉంటే తాత్సారం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

చౌకగా వస్తోంది కదా అని లేబుల్ లేని సీసాల్లో పోసి అమ్మే యాసిడ్ కొనకండి. అది ఎంత గాఢమో తెలియదు. చిల్లరగా యాసిడ్ అమ్మడం మీద 2013లో సుప్రీం కోర్టు ఆంక్షలు పెట్టింది కూడా. ఫినాయిల్‌ని గానీ యాసిడ్‌ని గానీ మంచినీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచకండి. దాహంతో ఇంటికి పరిగెత్తుకొచ్చిన పిల్లాడు లేబుల్ చదవడు.

పొదుపు పనమ్మాయి దగ్గర కాదు

ఖర్చు తగ్గించాలనుకోగానే కొందరికి మొదట తోచేది, "పనమ్మాయికి ఈ ఏడు జీతం పెంచొద్దు" అని. ఒక్క నిముషం ఆలోచించండి. పదకొండు సీసాలకి ఏడాదికొకసారి ధర పెరిగితే నోరెత్తకుండా ఇస్తాం. ఆ అమ్మాయి వందరూపాయలు పెంచమంటే వారం రోజులు చర్చ పెడతాం! ఆమె ఇంట్లోనూ గ్యాస్ అయిపోతుంది, ఆమె పిల్లలకీ ఫీజులుంటాయి. సోడాతో, ఫినాయిల్‌తో రోజంతా నాలుగిళ్ళలో నానేవి ఆమె చేతులే. ఒక జత రబ్బరు తొడుగులు కొనిచ్చి, లిక్విడ్ ఎంత వెయ్యాలో చూపించండి. "ఎక్కువ పోస్తున్నావు" అని కసిరే బదులు ఒక పాత మూతని కొలతగా పెట్టి చూడండి. సరుకూ మిగులుతుంది, మంచి మాటా మిగులుతుంది.

కొనేటప్పుడు చిన్నక్షరాలు

షాపులో పెద్దక్షరాలు చదివేది కళ్ళు, చిన్నక్షరాలు చదివేది బుద్ధి. ఇప్పుడు పాకెట్ల మీద గరిష్ఠ చిల్లర ధర పక్కనే గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని కూడా అచ్చు వేస్తున్నారు. అదే అసలు ధర. ఉదాహరణకి 200 గ్రాముల పాకెట్టు 30 రూపాయలైతే గ్రాము 15 పైసలు. కిలో పాకెట్టు 130 అయితే గ్రాము 13 పైసలు. పెద్దదే చౌక. కానీ ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకోకండి. షాంపూల్లో చాలాసార్లు రూపాయి, రెండు రూపాయల చిన్న పాకెట్లే పెద్ద సీసా కంటే చౌక పడతాయి. లెక్కకట్టి చూడండి. ధర పెంచకుండా బరువు తగ్గించే పద్ధతి కూడా ఒకటుంది. పాకెట్టు చూడ్డానికి అంతే ఉంటుంది, లోపల గ్రాములు తగ్గుతాయి. చిన్నక్షరాలు చూస్తేనే తెలుస్తుంది. ముద్రించిన ధర కంటే ఎక్కువ అడిగితే 1915 నంబరుకి ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను.

ఒక గుడ్డముక్క తెచ్చే ఆదాయం

శుభ్రం చేయడానికి ఖర్చవుతుందనే అనుకుంటాం గానీ, శుభ్రం చేస్తే మిగిలే ఖర్చులు కూడా ఉన్నాయి. పొయ్యి బర్నరు చిల్లుల్లో పొంగిన పాలు, పప్పు ఎండి పూడుకుపోతే మంట నీలంగా కాక పసుపుపచ్చగా వస్తుంది. గ్యాస్ వృథా, గిన్నెల అడుగు మసి, ఆ మసి తోమడానికి మళ్ళీ సబ్బు! వారానికోసారి బర్నరు చల్లారాక విప్పి, సబ్బునీళ్ళలో కడిగి, పిన్నీసుతో చిల్లులు తీసి బాగా ఆరబెట్టి పెట్టండి. 14.2 కిలోల సిలిండరు నాలుగు రోజులు ఎక్కువ వస్తే లాభమేగా?

ఏసీ ఫిల్టరు దుమ్ము పట్టితే అది ఎక్కువసేపు పనిచేసి కరెంటు తింటుంది. వేసవిలో రెండు వారాలకోసారి తీసి నీళ్ళ కింద కడిగి ఆరబెట్టండి. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి పట్టిన జిడ్డు తుడిస్తే తలుపు గట్టిగా పడుతుంది, చలి బయటికి పోదు. వాషింగ్ మెషీన్‌లో రోజువారీ బట్టలకి వేడినీళ్ళ మీట నొక్కకండి, అందులో ఎక్కువ కరెంటు తినేది నీళ్ళు కాచడమే. 2000 వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్ అయినట్టు లెక్క. స్నానాల గదిలోకి వెళ్తూ వేసి, మరిచిపోయి టిఫిను చేసే ఇళ్ళెన్ని లేవు!

తుడవడానికి ప్రత్యేకం గుడ్డలు కొననక్కర్లేదు. చిరిగిన నూలు లుంగీలు, బనియన్లు, పాత నేత చీరలు ముక్కలు చేసి అంచులు కుట్టి పెట్టుకోండి. గట్టుకి ఒక రంగు, బాత్రూమ్‌కి వేరే రంగు, ఇవి మాత్రం ఎప్పుడూ కలపకండి.

మిగిలిన డబ్బు ఏమవుతుంది?

ఇదే అసలు ప్రశ్న. ఇంత కష్టపడి నెలకి 250 మిగిల్చారనుకోండి. దాన్ని పోపులపెట్టెలోనే ఉంచితే వారం తిరక్కుండా ఏ కూరల ఖర్చులోనో కలిసిపోతుంది. మిగిలిన రోజే పక్కకి తియ్యాలి, మీ పేరున తియ్యాలి. పోస్టాఫీసులో నెలకి కనీసం 100 రూపాయలతో అయిదేళ్ళ రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టవచ్చు. 250 చొప్పున 60 నెలలు కడితే అసలే 15,000, వడ్డీ దానికి అదనం.

చిన్న మొత్తమని తీసిపారేయకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడితే ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం తర్వాత నెల్లూరు పల్లెల్లో ఆడవాళ్ళు చేసిన పనేమిటో తెలుసా? రోజుకి ఒక్క రూపాయి చొప్పున పక్కన పెట్టి పొదుపు సంఘాలు కట్టుకున్నారు. సారాకి పోయే డబ్బు కళ్ళముందు మిగిలింది, దాన్ని వాళ్ళు చేజారనివ్వలేదు. సీసా ఏదైనా, ఇంట్లోంచి డబ్బు పట్టుకుపోయేది సీసాయే కదండీ!

అన్నట్టు, మా ఎదురింటావిడ సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు సీసాలు లెక్కపెట్టాక, ఉన్నవి అయిపోయేదాకా కొత్తది కొననని ఒట్టు పెట్టుకుంది. మూడో నెలలో కళ్ళజోడు వచ్చింది. పెట్టుకున్న రోజు సాయంత్రమే ఫినాయిల్ సీసా పట్టుకుని మా ఇంటికొచ్చి, "వదినగారూ, చూశారా ఈ విడ్డూరం! ఇందులో బకెట్టుకి ఒక్క మూతే అని రాసుంది. నేను ఇన్నేళ్ళూ ధారగా పోస్తున్నాను!" అంది.

కళ్ళజోడు ఖర్చని ఏడాదిపాటు వాయిదా వేసింది పాపం. ఆ కళ్ళజోడే ఉంటే ఈ సంగతి ఏడాది కిందటే తెలిసేది!

మీరూ ఇవాళ మీ సింకు కింద లెక్కపెట్టండి. సీసాలు ఎన్నో ఒక కాగితం మీద రాయండి. మీ కోసం మీరు 'వచ్చే నెల చూద్దాం' అని వాయిదా వేసినవి ఏమిటో దాని పక్కనే రాయండి. ఆ రెండో వరసలో మొదటిది ఈ నెలే కొట్టెయ్యాలి, మాటేనా?

ఉంటాను మరి. పైవారం కలుద్దాం.